వేటకు వెళ్లే ముందు సముద్రాన్ని, వాతావరణాన్ని చదవడం ఎలా? బంగాళాఖాతం తీరానికి పూర్తి మార్గదర్శి

"రేపు వేటకు వెళ్లొచ్చా? ఫోన్లో ఏం చూడాలి?" తీరప్రాంతపు పాఠకులు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. ఇప్పుడు చాలా ఇళ్లలో నాన్న బోటు నడుపుతుంటే కొడుకో కూతురో ఫోన్లో వాతావరణం చూసి చెబుతున్నారు. సమాచారానికి కొరత లేదు. ఏది ముందు చూడాలి, ఏ అంకెకు అర్థం ఏమిటి అన్న దగ్గరే తికమక.

ఈ మార్గదర్శి ముఖ్యంగా ఫైబర్ బోట్లు, చిన్న మరబోట్ల మీద వెళ్లేవారి కోసం. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఎక్కడున్నా ఇదే క్రమం పనికొస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. వేటకు వెళ్లొద్దని అధికారిక హెచ్చరిక ఉంటే కింద చెప్పిన లెక్కలేవీ అక్కర్లేదు. ఆ రోజు వెళ్లకూడదు, అంతే. ఈ లెక్కలన్నీ హెచ్చరిక లేని రోజుల కోసం. హెచ్చరిక లేకపోయినా ప్రాణం మీదికి వచ్చే రోజులు చాలానే ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: బయల్దేరే గంటకు సముద్రం ఎలా ఉందన్నది సగం సమాచారమే. తిరిగి ఒడ్డుకు చేరే గంటకు ఎలా ఉంటుందన్నదే అసలు ప్రశ్న. తెల్లవారుజామున 3 గంటలకు నీళ్లు నూనెలా ఉన్నాయని వెళ్లినవాళ్లు మధ్యాహ్నం మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటలేక ఇబ్బంది పడుతుంటారు. కింది ప్రతి అడుగులోనూ తిరుగు ప్రయాణపు గంటనే దృష్టిలో పెట్టుకోండి.

## 1. ముందు మీ బోటు లెక్క రాసుకోండి

బులెటిన్ తెరిచే ముందు ఒక కాగితం మీద ఇవి రాసి ఇంట్లో ఒకటి, బోటులో ఒకటి ఉంచండి.

- బోటు పొడవు, సరుకుతో ఉన్నప్పుడు వేగం (గంటకు కిలోమీటర్లలో)
- మామూలుగా వెళ్లే దూరం, తిరిగి రావడానికి పట్టే గంటలు
- మొగ లేదా జెట్టీ దగ్గర పాటు (నీరు తగ్గే) సమయంలో ఉండే కనీస లోతు
- మీ సరంగు (బోటు నడిపే మనిషి) ఇబ్బంది లేకుండా నడపగలిగే అల ఎత్తు, గాలి వేగం
- సొంత రేవు కాకుండా దగ్గరలో తలదాచుకోగల మరో రెండు రేవులు

నాలుగో అంశం దగ్గర నిజాయతీగా ఉండండి. "ఎంతైనా నడుపుతాడు" అని రాయొద్దు. 8, 9 మీటర్ల తెరిచిన ఫైబర్ బోటుకు అల ఎత్తు 1.5 మీటర్లు, గాలి గంటకు 30 కిలోమీటర్లు దాటితే వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. మీ బోటు, మీ అనుభవం బట్టి ఇది కొంత అటూ ఇటూ కావచ్చు. కానీ ఆ అంకె ముందు రోజే కాగితం మీద ఉండాలి. బయల్దేరే వేళ జెట్టీ దగ్గర, పక్క బోటు ఇంజిన్ స్టార్ట్ చేస్తుండగా తీసుకునే నిర్ణయం సరిగ్గా ఉండదు.

## 2. కొలతలు ఒకసారి సరిచేసుకోండి

ఒక్కో చోట ఒక్కో కొలత ఇస్తారు. ఇవి గుర్తుంటే చాలు.

- 1 నాట్ = గంటకు 1.85 కి.మీ. 20 నాట్లంటే 37 కి.మీ.
- సెకనుకు 1 మీటరు = గంటకు 3.6 కి.మీ.
- 1 నాటికల్ మైలు = 1.85 కి.మీ.
- యూటీసీ సమయానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన సమయం. 0300 యూటీసీ అంటే ఉదయం 8:30.

మరో రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. ఒకటి, దిక్కులు. "ఈశాన్య గాలి" అంటే ఈశాన్యం నుంచి వీచే గాలి. ప్రవాహానికి మాత్రం అది ఏ వైపు పోతుందో చెబుతారు. "నైరుతి దిశగా ప్రవాహం" అంటే నీరు నైరుతి వైపు లాగుతోందని అర్థం.

రెండోది, రోజు లెక్క. వాతావరణ శాఖ సూచనల్లో రోజంటే సాధారణంగా ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు. మీరు మంగళవారం వేకువన 3 గంటలకు బయల్దేరితే ఆ సమయం సోమవారం సూచన కిందికి వస్తుంది, మధ్యాహ్నం తిరుగు ప్రయాణం మంగళవారం సూచన కిందికి వస్తుంది. అంటే రెండు రోజులవీ చూడాల్సిందే.

## 3. చూసే క్రమం: పెద్దది ముందు, చిన్నది చివర

- వారం ముందుచూపు: భారత వాతావరణ శాఖ వారి ట్రాపికల్ వెదర్ అవుట్‌లుక్
- మూడు నుంచి ఐదు రోజులు: మత్స్యకారుల హెచ్చరికలు
- రెండు మూడు రోజులు, కొన్ని గంటలకోసారి: హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే సముద్ర స్థితి సూచన
- చివరి మూడు గంటలు: రాడార్, పిడుగుల హెచ్చరిక, ఆకాశం

ఈ క్రమం తలకిందులైతే ఆకాశం బాగుందని బయల్దేరి, నాలుగో రోజుకు వాయుగుండం మధ్యలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ముఖ్యంగా వారం, పది రోజుల వేటకు వెళ్లే మరబోట్లకు మొదటి అడుగే కీలకం.

## 4. వారం ముందుచూపు చదవడం

వాతావరణ శాఖ ఈ బులెటిన్‌ను బంగాళాఖాతం, అరేబియా సముద్రాలకు విడివిడిగా రోజూ ఇస్తుంది. అందులో మబ్బుల వివరం చాలా ఉంటుంది. మీరు నేరుగా వాయుగుండం ఏర్పడే అవకాశం చెప్పే పట్టికకు వెళ్లండి. రాబోయే 168 గంటలను 24 గంటల చొప్పున విడగొట్టి, ఒక్కోదానికీ ఒక మాట రాస్తారు.

- నిల్: అవకాశం లేదు
- లో: 1 నుంచి 33 శాతం
- మోడరేట్: 34 నుంచి 67 శాతం
- హై: 68 నుంచి 100 శాతం

ఒకరోజు వేటకైతే మొదటి రెండు గడులు చూస్తే సరిపోతుంది. పది రోజుల వేటకు వెళ్లేవారు ఏడు గడులూ చూడాలి. ఎక్కడైనా మోడరేట్ కనిపిస్తే ఆ రోజుకు ముందే రేవుకు చేరేలా వేట కుదించుకోండి. హై కనిపిస్తే ప్రయాణం మానుకోండి.

"లో" అని ఉంటే ధీమా పడొద్దు. మర్నాటి బులెటిన్‌తో పోల్చండి. నిన్న నిల్, ఇవాళ లో, రేపు మోడరేట్... ఇలా మెట్టు మెట్టుగా పెరుగుతుంటే ఆ పెరుగుదలే మీకు సంకేతం. ఒక్కరోజు బులెటిన్ చూసి వదిలేసేవారికి ఇది తెలియదు.

తర్వాత చూడాల్సింది ఎక్కడ ఏర్పడుతోందన్నది. అండమాన్ సముద్రంలో పుడితే మన తీరానికి రావడానికి సాధారణంగా కొన్ని రోజులు పడుతుంది. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 7న ఉత్తర అండమాన్ సముద్రంలో వాయుగుండంగా మొదలై 12న విశాఖ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబర్ 8న వాయుగుండమై, 11వ తేదీ వేకువన పలాస దగ్గర అతి తీవ్ర తుఫానుగా తీరం దాటింది. అంటే మూడు రోజులే. పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో, అంటే మన ముంగిట్లోనే ఏర్పడితే ఆ వ్యవధి కూడా ఉండదు. తీరానికి దగ్గరలో ఏర్పడే అల్పపీడనం చిన్నదైనా పెద్దదిగానే లెక్కవేయండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది కాబట్టి మే తుఫాన్ల కాలం చాలావరకు దాంట్లోనే పోతుంది. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లో మాత్రం ఈ బులెటిన్ చూడకుండా ఒక్కరోజు కూడా గడపొద్దు.

## 5. పేర్లు, గాలి వేగాలు

టీవీలో వినే మాటలకు కచ్చితమైన అంకెలున్నాయి. ఇవి గాలి వేగాలు, గంటకు కిలోమీటర్లలో.

- అల్పపీడనం: 31 లోపు
- వాయుగుండం: 31–49
- తీవ్ర వాయుగుండం: 50–61
- తుఫాను: 62–88
- తీవ్ర తుఫాను: 89–117
- అతి తీవ్ర తుఫాను: 118–166
- అత్యంత తీవ్ర తుఫాను: 167–221
- సూపర్ సైక్లోన్: 222, ఆపైన

చిన్న బోటుకు పై మెట్లతో పనిలేదు. "ఇంకా తుఫాను కాలేదు, వాయుగుండమేగా" అనే మాట వింటే నాకు భయమేస్తుంది. మీ బోటు పరిమితి 30 అయితే వాయుగుండం మొదటి అంకెకే అది దాటిపోయింది.

ఇక్కడిచ్చేది మూడు నిమిషాల సగటు వేగం. కొన్ని విదేశీ సైట్లు ఒక నిమిషం సగటు ఇస్తాయి కాబట్టి వాటిలో అంకె పెద్దగా కనిపిస్తుంది. రెండూ కలిపి పోల్చొద్దు.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు కూడా తెలిసి ఉండాలి. 1, 2 నంబర్లు దూరంగా సముద్రంలో ఏదో ఉందని. 3, 4 నంబర్లు రేవుకే వాతావరణం చెడే అవకాశం ఉందని. 5 నుంచి 10 వరకు తుఫాను ఆ రేవు మీదికో పక్కకో వస్తోందని. 11 అంటే తుఫాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. 1వ నంబరు చూసి "దూరంగానే ఉందిలే" అనుకునేది ఒడ్డున ఉన్నవాళ్లు. సముద్రం మీదికి వెళ్లేవారికి ఆ దూరమే దగ్గర.

## 6. మత్స్యకారుల హెచ్చరికను మాట మాటగా చదవండి

హెచ్చరికలో నాలుగే విషయాలుంటాయి: ఎక్కడ, ఎప్పుడు, ఎంత గాలి, ఏం చేయాలి. తెలుగులోనూ వస్తుంది, కానీ వివరంగా ఉండేది ఇంగ్లిష్‌లోనే. అందులో తరచూ కనిపించే మాటలివి.

"అలాంగ్ అండ్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కోస్ట్" అంటే తీరం వెంబడి, దానికి ఎదురుగా ఉన్న సముద్రంలోనూ అని. "వెస్ట్ సెంట్రల్ బే" అంటే మన తీరానికి ఎదురుగా లోపలున్న పెద్ద ప్రాంతం. మీ ఊరి పేరు లేదని ఊరుకోవద్దు.

"స్క్వాలీ వెదర్" అంటే ఆగి ఆగి ఉద్ధృతంగా వీచే గాలి, తరచూ వానతో. గాలి అంకె ఇలా ఉంటుంది: "45–55, గస్టింగ్ టు 65", అంటే మధ్యమధ్యలో హఠాత్తుగా 65 దాకా. మీ బోటు పరిమితితో పోల్చాల్సింది ఆ చివరి 65నే. గాలి వేగం రెట్టింపైతే బోటు మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. బోటును తిప్పేసేది ఆ ఒక్క ఉద్ధృతే కానీ సగటు గాలి కాదు.

సముద్రం ఎలా ఉందో చెప్పే మాటలకూ కొలతలున్నాయి.

- స్లైట్: అల 0.5 నుంచి 1.25 మీటర్లు
- మోడరేట్: 1.25 నుంచి 2.5
- రఫ్: 2.5 నుంచి 4
- వెరీ రఫ్: 4 నుంచి 6
- హై: 6 నుంచి 9

మోడరేట్ అని చదివి పర్వాలేదనుకునేవాళ్లు ఎక్కువ. చిన్న బోటుకు అదే హద్దు. ఆ మాట కనిపిస్తే వదిలేయకుండా కచ్చితమైన ఎత్తు ఎంతో తర్వాతి అడుగులో తేల్చుకోండి.

"సముద్రంలో ఉన్నవారు ఫలానా తేదీలోగా తీరానికి చేరాలి" అని ఉంటే ఆ తేదీ వరకు వేటాడొచ్చని కాదు. ఆ తేదీకి ముందే రేవులో తాడు కట్టి ఉండాలని.

## 7. అలను ఎత్తుతోనే కాదు, వ్యవధితో చదవండి

ఎక్కువ మంది వదిలేసే అడుగు ఇదే. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో, వారి 'సముద్ర' యాప్‌లో మీ తీరాన్ని ఎంచుకుంటే అల ఎత్తు, వ్యవధి, దిశ, స్వెల్ (దూరపు గాలి పంపిన అల), గాలి, ప్రవాహం కనిపిస్తాయి.

ఎత్తు. అక్కడిచ్చేది మొత్తం అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. అంటే 1.5 మీటర్లని ఉంటే అన్నీ 1.5 అని కాదు. కొన్ని గంటల వేటలో దాదాపు రెట్టింపు ఎత్తున్న అల ఒకటైనా ఎదురవుతుందనే లెక్కతో వెళ్లాలి.

వ్యవధి. ఒక అల శిఖరం దాటాక తర్వాతి శిఖరం రావడానికి పట్టే సెకన్లు. ఎత్తు ఒకటే అయినా వ్యవధి మారితే సముద్రమే మారిపోతుంది. లోతు నీటిలో అల పొడవు తెలియాలంటే వ్యవధిని దానితోనే గుణించి మళ్లీ 1.56తో గుణించండి. 5 సెకన్ల అల పొడవు 39 మీటర్లు. 14 సెకన్ల అల పొడవు సుమారు 306 మీటర్లు.

ఇప్పుడు రెండు రోజులు ఊహించండి. రెండు రోజులూ అల ఎత్తు 2 మీటర్లే.

మొదటి రోజు వ్యవధి 5 సెకన్లు. అలలు నిటారుగా, దగ్గర దగ్గరగా వస్తాయి. ముక్కు ఒక అలలో దిగి లేచేలోపే రెండోది పడుతుంది. లోపల సముద్రంలోనే బోటులోకి నీళ్లు వస్తాయి. ఇది స్థానిక గాలి లేపిన అల.

రెండో రోజు వ్యవధి 14 సెకన్లు. లోపల ఉన్నప్పుడు బోటు మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది, అల ఉన్నట్టే తెలియదు. అందరూ బాగుందనుకుంటారు. కానీ ఆ అల లోతు తక్కువ చోటికి రాగానే నెమ్మదించి, ఎత్తు పెరిగి, గోడలా లేచి విరుగుతుంది. ఇది దూరపు గాలి పంపిన స్వెల్. ప్రమాదం వేట దగ్గర కాదు, తిరిగి వచ్చేటప్పుడు మొగలో ఉంటుంది.

కాబట్టి:

- వ్యవధి 4 నుంచి 7 సెకన్లు, ఎత్తు మీ పరిమితికి దగ్గర: లోపల ప్రమాదం. వెళ్లొద్దు, లేదా ఒడ్డు దగ్గరే ఉండండి.
- వ్యవధి 12 సెకన్లు దాటింది, ఎత్తు 1 మీటరుకు పైన: మొగ దగ్గర ప్రమాదం. పోటు (నీరు పెరిగే) సమయం చూసుకోకుండా కదలొద్దు.
- గాలి అల ఒక దిక్కు నుంచి, స్వెల్ మరో దిక్కు నుంచి: ఎత్తు తక్కువైనా బోటు అదుపు తప్పుతుంది. పరిమితిని సగానికి తగ్గించి చూడండి.

స్వెల్ మరో పని కూడా చేస్తుంది. తుఫాను కంటే ముందే కబురు తెస్తుంది. 15 సెకన్ల స్వెల్ గుంపు గంటకు సుమారు 42 కిలోమీటర్ల వేగంతో, అంటే రోజుకు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. తుఫాను మామూలుగా గంటకు 10 నుంచి 20 కిలోమీటర్లే కదులుతుంది. గాలి లేకుండానే ఒడ్డున కెరటాల మధ్య ఎడం పెరిగి, హోరు మారిందంటే దూరంగా ఏదో ఉందని పెద్దవాళ్లు చెప్పేది అక్షరాలా నిజం. అది గమనించిన రోజు నాలుగో అడుగులోని బులెటిన్ మళ్లీ తెరవండి.

ఇన్‌కాయిస్ చిన్న పడవల కోసం వేరే సూచన కూడా ఇస్తోంది. 7 మీటర్ల వెడల్పు లోపు ఉన్న వాటికి అల నిటారుదనం, అలలు ఎన్ని దిక్కుల నుంచి వస్తున్నాయి, గాలి ఎంత హఠాత్తుగా పెరుగుతోంది అనే మూడింటినీ కలిపి పడవ బోల్తా పడే అవకాశాన్ని లెక్కగట్టి చెబుతుంది. లెక్కలు వద్దనుకునేవారు కనీసం ఇదైనా చూడండి.

## 8. మొగ దాటే గంట ముందే లెక్కవేయండి

అంతర్వేది, భైరవపాలెం, కృష్ణా మొగలు... ఎక్కడైనా సూత్రం ఒకటే. నది నీరు, పాటు నీరు కలిసి బయటికి లాగుతుంటే, ఎదురుగా కెరటం లోపలికి వస్తుంటే, అక్కడ అల కుంచించుకుపోయి నిటారుగా లేస్తుంది. అప్పుడే లోతు కూడా తగ్గి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో లాగుడు మరీ ఎక్కువ.

- పోటుకు, పాటుకు మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలు. రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.
- దాటడానికి మంచి సమయం పోటు చివరి గంటన్నర, నీరు నిలబడే కాసేపు.
- అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది. సూచనలో 1.5 మీటర్లు ఉంటే 3 మీటర్ల అల కూడా రావచ్చు కాబట్టి 4 మీటర్ల లోతులోనే విరగవచ్చు. మీ మొగలో ఇసుక మేట మీద లోతు అంతకంటే తక్కువైతే ఆ గంటకు దాటొద్దు.
- మొగ బయటే ఇంజిన్ తగ్గించి 10, 15 నిమిషాలు చూడండి. పెద్ద కెరటాలు గుంపుగా వచ్చి పోతాయి. ఆ గుంపు పోయాకే కదలండి.

కాకినాడలో హోప్ ఐలాండ్ అడ్డుండటం వల్ల లోపల ప్రశాంతంగా ఉంటుంది. అక్కడి నుంచి వెళ్లేవారు జెట్టీ దగ్గర నీటిని చూసి బయటి సముద్రాన్ని అంచనా వేయకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలు ఊహించినవే. బోటు వేకువన 3కి బయల్దేరి 25 కిలోమీటర్ల దూరం వెళ్లి మధ్యాహ్నం 2కి తిరిగి రావాలి. సూచన ప్రకారం ఉదయం అల 1.2 మీటర్లు, మధ్యాహ్నం 1.9. గాలి ఉదయం 20, మధ్యాహ్నం 38. పోటు ఉదయం 9 గంటలకు, పాటు మధ్యాహ్నం 3:12కి. బయల్దేరే గంట చూస్తే గాలి, అల రెండూ బాగున్నాయి. తిరిగొచ్చే గంటకు గాలి, అల, పాటు మూడూ ఒకేసారి ఎదురొస్తున్నాయి. గంటకు 12 కిలోమీటర్ల వేగమైతే ఉదయం 7కల్లా వెనుదిరిగితే 9 గంటల పోటుకు మొగ దాటొచ్చు. ఆ రెండు గంటల వేట డీజిల్ ఖర్చుకు సరిపోదనుకుంటే ఆ రోజు మానుకోవడమే లాభం.

## 9. చివరి మూడు గంటల పరిశీలన

అల సూచనల్లో దొరకనిది ఉరుముల గాలివాన. అది గంటలోపే పుట్టి, గాలి దిక్కునే మార్చేస్తుంది.

- విశాఖపట్నం, మచిలీపట్నం రాడార్ చిత్రాలు వాతావరణ శాఖ సైట్‌లో ఉంటాయి. రెండు మూడు చిత్రాలు వరుసగా చూసి ఎరుపు ముద్ద ఎటు కదులుతోందో గమనించండి.
- దామిని యాప్‌లో పిడుగుల హెచ్చరిక చూడండి. తెరిచిన బోటులో పిడుగు నుంచి దాక్కునే చోటు లేదు.
- చల్లటి గాలి హఠాత్తుగా తగిలి, నల్లమబ్బు అంచు తాడులా చుట్టుకుని కనిపిస్తే వల తీసేయండి. నిమిషాల్లో గాలి వస్తుంది.
- వాయుపీడనం చూపే పరికరం లేదా ఫోన్ ఉంటే రోజూ ఒకే గంటకు చూసి రాసుకోండి. మన ప్రాంతంలో పీడనం ఉదయం, రాత్రి 10 ప్రాంతంలో పెరుగుతుంది, తెల్లవారుజామున, సాయంత్రం 4 ప్రాంతంలో తగ్గుతుంది. అందుకే ఉదయం 10ని సాయంత్రం 4తో పోల్చొద్దు. నిన్నటి అదే గంట కంటే 3 మిల్లీబార్లు తగ్గితే అనుమానించాలి. 5 తగ్గితే తిరిగిపోవాలి.

## 10. బయల్దేరే ముందు చెక్‌లిస్టు

- తిరిగొచ్చే గంటకు గాలి (ఉద్ధృతితో సహా), అల ఎత్తు, వ్యవధి: మూడూ పరిమితిలో ఉన్నాయా?
- మొగ దాటే గంటకు పోటా, పాటా?
- లైఫ్ జాకెట్లు మనిషికొకటి, పైన అందేచోట
- డీజిల్: పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, అనుకోనిదానికి ఒక వంతు
- వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ (ఆపద పిలుపులది) పనిచేస్తోందా? డాట్ (ఆపదలో బటన్ నొక్కితే సంకేతం పంపే) పరికరం లేదా ట్రాన్స్‌పాండర్ (బోటు ఎక్కడుందో చెప్పేది) ఉందా?
- కోస్ట్ గార్డ్ నంబర్ 1554 అందరి ఫోన్లలో ఉందా?
- ఎటు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు వస్తారో ఒడ్డున ఒకరికి రాసి ఇచ్చారా? ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తెలుసా?

## 11. సముద్రం మీద ఉండగా వాతావరణం చెడితే

సొంత రేవు కోసం చూడొద్దు. దగ్గరి రేవుకు వెళ్లండి. బోటు తర్వాత తెచ్చుకోవచ్చు.

గాలికి వీపు పెట్టి నిలబడండి. అల్పపీడన కేంద్రం మీ ఎడమ వైపు, కొంచెం ముందుకు ఉంటుంది. తర్వాత గంటగంటకూ గాలి దిక్కు గమనించండి. ఈశాన్యం నుంచి తూర్పుకు, అక్కడి నుంచి ఆగ్నేయానికి తిరుగుతుంటే మీరు తుఫాను దారికి కుడివైపు, అంటే మన తీరంలో ఎక్కువగా ఉత్తరాన ఉన్నారు. గాలి, అల ఎక్కువగా ఉండేది ఇటే. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకు తిరుగుతుంటే దారికి ఎడమన ఉన్నారు. ఇక్కడ గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి నెడుతుంది, అల చిన్నగా కనిపిస్తుంది, ఇంజిన్ ఆగితే మాత్రం చాలా దూరం కొట్టుకుపోతారు. దిక్కు మారకుండా గాలి పెరుగుతూనే ఉంటే కేంద్రం మీ వైపే వస్తోంది.

అలకు ముక్కు కొంచెం వాలుగా పెట్టి నెమ్మదిగా నడపండి. పక్కకు తిరగనీయొద్దు. వల బరువైతే కోసేయండి. పట్టిన చేపను, ఐసును కింద, మధ్యలోకి సర్దండి. అందరూ జాకెట్లు వేసుకున్నాకే మిగతా పనులు. ఇంజిన్ ఆగితే తాడుకు బక్కెట్టో వల ముద్దో కట్టి ముక్కు నుంచి వదిలితే బోటు అలకు ఎదురుగా నిలుస్తుంది. డాట్ బటన్ చివరిదాకా దాచుకోవద్దు. పగటి వెలుగు ఉండగానే నొక్కితే వెతికేవారికి మీరు కనిపిస్తారు.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

వాట్సాప్‌లో వచ్చిన మ్యాప్ నమ్మడం. తేదీ లేని చిత్రం పనికిరాదు. తేదీ, గంట చూసి, అదే చిత్రాన్ని అసలు సైట్‌లో తెరిచి సరిచూడండి.

విండీ లాంటి యాప్ ఒక్కటే చూడటం. అందులో కనిపించేది కంప్యూటర్ లెక్క. రెండు మోడళ్లు మార్చి చూడండి. రెండూ వేర్వేరుగా చెబుతుంటే చెడ్డదాన్నే నమ్మండి. హెచ్చరిక విషయంలో చివరి మాట వాతావరణ శాఖదే.

తీరం దాటే చోటు దూరమని ఊరుకోవడం. మ్యాప్ మీద గీత కేంద్రం వెళ్లే దారి మాత్రమే. గీత చుట్టూ ఉండే శంకువు ఆకారం, కేంద్రం ఎటైనా జరగొచ్చని చెబుతుంది. గాలి ఆ శంకువు బయట కూడా వందల కిలోమీటర్లు ఉండొచ్చు. నరసాపురం దగ్గర దాటుతుందంటే శ్రీకాకుళం బోట్లు కూడా లంగరు మీదే ఉండాలి.

పక్క బోటు వెళ్లిందని వెళ్లడం. వాళ్ల ఇంజిన్, వాళ్ల పొడవు, వాళ్లు తిరిగొచ్చే గంట వేరు. మీ కాగితం మీది అంకెతోనే పోల్చండి.

ఒక్కసారి చూసి వదిలేయడం. రాత్రి చూసింది వేకువకు మారుతుంది. నిద్ర లేవగానే మళ్లీ చూడండి. సిగ్నల్ అందే దూరంలో ఉండగా ఒడ్డు నుంచి ఎవరో ఒకరు ఒకసారి ఫోన్ చేసి తాజా మాట చెప్పాలి.

## 13. తుఫాను పోయాక మళ్లీ ఎప్పుడు?

తీరం దాటిన మర్నాడు ఎండ కాస్తుంది, గాలి పడిపోతుంది, అప్పటికే రోజుల తరబడి వేట లేక ఇంట్లో టెన్షన్. అయినా స్వెల్ ఒకటి రెండు రోజులు ఉంటుంది. హెచ్చరిక ఎత్తేశారో లేదో, అల ఎత్తు మీ పరిమితి లోపలికి వచ్చిందో లేదో రెండూ చూడండి. ఒకటి చాలదు.

వరద నీటితో దుంగలు, చెట్లు, తెగిన వలలు కొట్టుకొస్తాయి. మొదటి రెండు మూడు రోజులు చీకట్లో మొగ దాటొద్దు. ఇసుక మేటలు జరిగి ఉంటాయి, పాత దారి పూడిపోయి ఉండొచ్చు. మొదటిసారి పగలు, పోటు మీద, ఒక మనిషిని ముక్కు దగ్గర గడతో నిలబెట్టి లోతు చూసుకుంటూ వెళ్లండి. ఆ కొత్త లోతును మీ కాగితంలోని మూడో అంశంలో పాతది కొట్టేసి రాసుకోండి.